తొంభై ఆరు గంటలు

మా ఆయన ఉద్యోగం చేపల్ని చంపడం. నేనలా అంటే ఆయనకి ఒళ్లు మండేది. పరిశోధన అనాలట. యూనివర్సిటీ ల్యాబ్‌లో గాజు తొట్టెల్లో చేపల్ని వేసి, పొలాల్లో చల్లే పురుగుమందు కొలిచి కలిపి, తొంభై ఆరు గంటలు కనిపెట్టుకుని ఉంటారు. ఇరవై నాలుగు గంటలకోసారి ఎన్ని చచ్చాయో రాసుకోవాలి. ఈ మాత్రం దానికి ఇంత చదువెందుకండీ అని వేళాకోళం చేసేదాన్ని.

డెబ్బయ్యో దశకం చివర్లో, అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, పత్తి చేల మధ్య ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేనేమో గోదావరి నీళ్లు తాగి పెరిగినదాన్ని. అక్కడి షాపులో దొరికేది తలా తోకా లేని, గడ్డకట్టిన చేప ముక్క. దాన్ని చూస్తే ఏడుపొచ్చేది. ఇంటి వెనకున్న చెరువులో కావాలంటే పట్టుకోమన్నాడు ఇంటి ఓనరు. గాలం వేసుకుని ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో! ఒక్కటి పడితే ఒట్టు.

జూలైలో ఒకరోజు చిన్న విమానం ఒకటి వచ్చి పత్తి మీద మందు కొట్టి పోయింది. ఆరేసిన బట్టలకి ఘాటు వాసన పట్టిందని విసుక్కుంటూ అన్నీ మళ్లీ ఉతికాను. ఆ రాత్రి పెద్ద వాన. తెల్లవారాక మూడేళ్ల మా అమ్మాయిని చంకనేసుకుని చెరువు దగ్గరికి వెళ్తే, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని పక్కకి ఒరిగి గుండ్రంగా తిరుగుతున్నాయి. చెయ్యి పెట్టినా పారిపోవు. నా పంట పండిందనుకుని బట్టల బుట్టతో ఎత్తుకొచ్చాను.

వాసన చూసినదాన్నే, ఉతికినదాన్నే. అయినా బుర్రకి తట్టలేదు. ఇప్పటికీ నా మీద నాకు మంటే.

పులుసు పెట్టాను. మా ఇళ్లలో చేపల పులుసు వండిన పూట తినం. మర్నాటికి ముక్కకి పులుపు పడితేనే రుచి. అందుకని మూత పెట్టి ఉంచాను. కానీ పిల్ల ఆగుతుందా? మధ్యాహ్నం దానికి రెండు ముక్కలు వేయించి, ముళ్లు తీసి, నా చేత్తో తినిపించాను. ఎంత ఇష్టంగా తిందో.

సాయంత్రం ఆయన రాగానే చేపలు ఎంత సులువుగా దొరికాయో, ఎలా గిరగిరా తిరుగుతున్నాయో గొప్పగా చెప్పాను. షూ లేసు విప్పుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎవరైనా తిన్నారా?"

"పాప తింది. రెండు ముక్కలు."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లని కారులో వేసుకుని హాస్పిటల్‌కి పరిగెత్తాం. ఇప్పటికి బాగానే ఉంది, కనిపెట్టి చూడండి అని డాక్టరు పంపేశాడు. పులుసుని గిన్నెతో సహా గొయ్యి తీసి పాతేశాం.

డాక్టరు చెప్పినట్టే ఆయన కనిపెట్టి చూశారు. మర్నాడు సరిగ్గా నేను తినిపించిన వేళకి ల్యాబ్ నుంచి వచ్చారు. పిల్ల కళ్లు చూశారు. ఊపిరి చూశారు. తూలుతుందేమోనని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిపించారు. మళ్లీ ల్యాబ్‌కి వెళ్లిపోయారు. రెండో రోజు అదే వేళకి, మూడో రోజూ అదే వేళకి. అదేదో ఆట అనుకుని పిల్ల నవ్వుతూ నడిచేది. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని.

నాలుగో రోజు చూడటం అయ్యాక కుర్చీలో కూలబడ్డారు.

"తొంభై ఆరు అయ్యాయి," అని ఏడ్చేశారు. ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. నేనూ ఏడ్చాను. కాసేపటికి ఎందుకో అడగాలనిపించింది.

"ఏవండీ, మీ ల్యాబ్‌లో తొంభై ఆరు గంటలయ్యాక కూడా బతికున్న చేపలకి తర్వాత ఏమవుతుంది?"

ఆయన నా వైపు చూడలేదు.

"తెలీదు. అక్కడితో టెస్ట్ అయిపోతుంది. పారేస్తాం."

మా అమ్మాయికి ఇప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. ఆ చేపల సంగతి దానికి చెప్పనేలేదు. మొన్న ఫోన్‌లో, చెయ్యి కాస్త వణుకుతోందమ్మా, కాఫీ తగ్గించాలి అని నవ్వింది.

ఎప్పటినుంచి అని అడిగాను.