సున్నా డిగ్రీల మెట్లు

ఆరాధనకు పదమూడో నెలలో నడక వచ్చింది. అదే వారం వాళ్ల నాన్న శాంతికుమార్‌కు నిద్ర పోయింది.

జూలూరుపాడులో వాళ్ల ఇంటికి పక్క గుమ్మం ఒకటుంది. దాని ముందు మూడు మెట్లు, మూడూ కలిపి ఒకే దిమ్మగా పోసిన కాంక్రీటు. కింద నల్లరేగడి ఎండలకు నెర్రెలిచ్చి, వానలకు మెత్తబడి, దిమ్మ ఒక పక్కకు ఒరిగింది. గోడకూ దానికీ నడుమ పిల్ల కాలు దిగబడేంత సందు పడింది. శాంతికుమార్ ఏన్కూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషి కనుక ముందు కోణం కొలిచాడు. నాలుగు డిగ్రీలు. పై మెట్టు ఎత్తు, పిల్ల బరువు, పడితే నేలను తాకే వేగం, అన్నీ ఒక పాత జవాబుపత్రం వెనక లెక్కగట్టాడు. వచ్చిన జవాబు చూసి తానే జడుసుకుని గుమ్మానికి అడ్డంగా ఒక పొట్టి బల్ల పెట్టాడు.

ఆ బల్ల దాటి నీళ్ల బకెట్ తేవాల్సింది అతని భార్య ఫ్లోరెన్స్. ఆమె దవాఖానాలో నర్సు. పిల్లల దెబ్బలు ఆమెకు కొత్త కావు.

"పిల్ల పడ్తదో లేదో గానీ, నేనైతే గీ బల్ల తట్టుకొని పడ్త. నాకేమన్నా లెక్క కట్టిన్రా?" అంది మూడో రోజు.

కట్టలేదు. ఆ సంగతి ఒప్పుకోకుండా ఆదివారం చర్చి నుంచి రాగానే రూప్‌సింగ్‌ను పిలుచుకొచ్చాడు.

రూప్‌సింగ్‌ది రెండిళ్ల అవతల ఇల్లు. బొగ్గు బావిలో పైకప్పు కూలకుండా ముప్పై ఏళ్లు దుంగలు నిలబెట్టి రిటైరయ్యాడు. రెండు గడ్డపారలు, నాలుగు తుమ్మ మొద్దులు తెచ్చి దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఆరు క్వింటాళ్లు ఉంటదన్నా, లెక్కేసి చూసిన," అన్నాడు శాంతికుమార్. "అందుకే మనం లీవర్ సూత్రం వాడాలె. చూడు, ఇక్కడ ఆధారం పెడితే..."

ఇటుక ముక్కతో నేల మీద బొమ్మ గీశాడు. బాణం గుర్తులు కూడా పెట్టాడు. వాటికి పేర్లు రాస్తుండగా వెనక గర్రుమని చప్పుడైంది.

"సార్, జరిగింది," అన్నాడు రూప్‌సింగ్.

ఇక చేతలతోనైనా పరువు నిలుపుకుందామని శాంతికుమార్ రెండో గడ్డపార అందుకున్నాడు. రూప్‌సింగ్ కాసేపు చూశాడు.

"మీరు గడ్డపారను పట్టుకుంటలేరు సార్. గడ్డపారే మిమ్ముల పట్టుకున్నది."

దిమ్మ జరిగిన చోట మెత్తటి మట్టి తీసి, కంకర పోసి, పైన క్రషర్ నుంచి తెచ్చిన రాతి డస్టు పరిచి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. మొద్దుల మీద దిమ్మను వెనక్కి దొర్లించి గోడకు ఆనించారు.

"ముందలికి జరంత వాటం ఇయ్యాలె సార్," అన్నాడు రూప్‌సింగ్.

వాటం అంటే నీళ్లు జారిపోవడానికి ఇచ్చే వాలు. కానీ ఇన్నాళ్లూ నిద్ర చెడగొట్టింది వాలే గదా!

"వాటం గీటం వద్దన్నా. లెవెల్ అంటే లెవెలే. సున్నా."

కాలేజీ ల్యాబ్ నుంచి తెచ్చిన స్పిరిట్ లెవెల్ మెట్టు మీద పెట్టాడు. బుడగ సరిగ్గా నడిమధ్యన నిలిచింది. మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి డ్యూటీలో ఉన్న ఫ్లోరెన్స్‌కు పంపాడు. ఆమె ఒక బొటనవేలి బొమ్మ పంపింది.

"మీ ఇష్టం సార్," అన్నాడు రూప్‌సింగ్. బావిలో ఆఫీసర్లతో ముప్పై ఏళ్లు ఆ మాటే అని ఉంటాడు.

బుధవారం ముసురు పట్టింది. పన్నెండు రోజులు వదల్లేదు. ఎటు పొమ్మని ఎవరూ చెప్పక వాన నీళ్లు మూడు మెట్ల మీదా అలాగే నిలబడిపోయాయి. వాటి అడుగున సన్నగా పాచి పట్టింది.

తెరిపిచ్చిన ఉదయం శాంతికుమార్ గడ్డం గీసుకుంటుంటే టపటపమని చప్పుడు వినపడింది. బల్లను ఫ్లోరెన్స్ ఎప్పుడో గోడవారకు నెట్టేసింది. ఆరాధన పై మెట్టు మీద కూర్చుని అరచేతులతో నీళ్లను కొడుతోంది.

"ఆగు!" అని అరుస్తూ, పిల్లను దాటి ముందుకు దూకాడు. కాలు పాచి మీద పడింది. ఆ తర్వాతి వేగాన్ని అతను లెక్కగట్టలేదు. మూడు మెట్లూ కూర్చునే దిగాడు.

ఆరాధన కిలకిల నవ్వింది. ఇంకోసారి చేయమన్నట్టు చూసింది. తండ్రి లేవకపోయేసరికి తానే వెనక్కి తిరిగి, బొజ్జ మెట్టుకు ఆనించి, కాళ్లతో కింది మెట్టు వెతుక్కుంటూ ఒక్కొక్కటే దిగి అతని ఒళ్లోకి వచ్చింది.

"ఇదెప్పుడు నేర్చింది?" అన్నాడు నురగ గడ్డంతో.

"మీ బల్ల మీదనే. రోజంతా ఎక్కుడు, దిగుడు," అంది ఫ్లోరెన్స్ గుమ్మంలోంచి. "మీకు చెప్తే దాన్ని గూడ ఆపుతరని చెప్పలే. నడుం జూపియ్యుండ్రి."

సాయంత్రం రూప్‌సింగ్ మళ్లీ గడ్డపారతో వచ్చాడు. కుంటుతున్న మనిషిని చూశాడు, మెట్లను చూశాడు.

"ఎన్ని డిగ్రీలియ్యాలె సార్?"

"నువ్వే చెప్పన్నా."

దిమ్మ వెనక అంచును కొంచెం లేపి, కింద డస్టు కూరి, చెంబెడు నీళ్లు అడిగాడు. పై మెట్టు మీద పోశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆగి, ముందుకు కదిలి, మెట్టు మెట్టూ దిగి మట్టిలో కలిశాయి.

"చాలు," అన్నాడు. పాచిని పొరకతో తనే రుద్దాడు.

శాంతికుమార్ అలవాటు కొద్దీ స్పిరిట్ లెవెల్ పెట్టి చూశాడు. బుడగ ఒక పక్కకు పోయింది. ఎవరూ చూడకుండా దాన్ని జేబులో వేసుకున్నాడు.

మెట్లు ఆరాక ఆరాధన గుమ్మంలోకి వచ్చింది. శాంతికుమార్ కింద మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు.

"చేతులు ఎనకకు పెట్టుకోండ్రి," అంది ఫ్లోరెన్స్.

పెట్టుకున్నాడు. పిల్ల రెండు మెట్లు బాగానే దిగింది. చివరి దానికి కాలు తప్పి తడి మట్టిలో చతికిలబడింది. ఏడవాలా వద్దా అని తండ్రి ముఖం చూసింది.

ఆ ముఖాన్ని కదలకుండా పట్టుకోవడానికి ఏ గడ్డపారా సాయం రాలేదు. వెనక కట్టుకున్న వేళ్లు ఒకదాన్నొకటి నలిపేస్తున్నాయి. ఆరాధన ఆ ముఖంలో కాసేపు వెతికింది. భయపడాల్సిందేమీ దొరకలేదేమో, మట్టి చేతులతో మళ్లీ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

రూప్‌సింగ్ గడ్డపార భుజానికెత్తుకుని గుమ్మం వైపు తొంగిచూశాడు.

"సార్, ఆ బల్ల ఖాళీగనే ఉన్నది గద? మా మనవరాలు ద్వాలికి ఇప్పుడిప్పుడే నడకొస్తున్నది. ఎక్కుడు, దిగుడు నేర్చుకుంటది."