ఐస్‌లో ఉప్పు వేసిందెవరు?

జర్మనీలో జరుగుతున్న ఒక స్కేటింగ్ పోటీని గుప్పెడు ఉప్పుతో ఆపేసిన ఘనత ఎవరిదని మీరెప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. నాదే. ఆ రోజు కరెంటు పోలేదు, పైకప్పు కూలలేదు. తెనాలి నుంచి మా అమ్మ పంపిన రాళ్ళ ఉప్పు, దానికి తోడుగా నాలుగు ఎండుమిరపకాయలు, వాటిని పట్టుకున్న నా కుడిచెయ్యి, ఇవి సరిపోయాయి. జరిగింది చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ రోజు హాలు హాలంతా నవ్వింది, మీరొక లెక్కా?

అప్పటికి నేను జర్మనీ వచ్చి రెండేళ్ళు. మా ఆయన జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూస్తారు. నేను జర్మన్ క్లాసులకు వెళ్ళి రెండో మెట్టు పరీక్ష అప్పుడే పాసయ్యాను. భాష నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే ప్రమాదకరమైన దశ ఇంకోటి లేదు. ఏమీ రానివాళ్ళు నోరు మూసుకుంటారు. బాగా వచ్చినవాళ్ళు ఆచితూచి మాట్లాడతారు. నాలాంటి సగం పండితులే ఎదుటివాళ్ళ మాటని ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ అర్థం చెప్పుకుని, మొత్తం తెలిసిపోయిందని రొమ్ము విరుచుకుంటారు.

మా పై అంతస్తులో ఒక జపాన్ కుటుంబం ఉండేది. తండ్రికి ఉద్యోగం ఎప్పుడూ ప్రయాణాల్లోనే. తల్లి సచికో గారు. కూతురు హారుకా, పద్నాలుగేళ్ళ పిల్ల, ఫిగర్ స్కేటర్. జపాన్‌లో బడికి వెళ్ళకముందే కాళ్ళకు స్కేట్లు కట్టుకుందట. జర్మనీలో పెరిగింది కాబట్టి జర్మన్ గలగలా మాట్లాడేది. సచికో గారికీ నాకూ మాత్రం ఇద్దరికీ కలిపినా ఒక మనిషికి సరిపడా జర్మన్ ఉండేది కాదు. నేనేం చెప్పినా ఆవిడ తల ఊపుతూ "హై, హై" అనేవారు. హై అంటే జపాన్ భాషలో అవునని నాకెవరో చెప్పారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

తెల్లారేసరికి హారుకాని ఐస్‌హాల్లేకి, అంటే ఆ మంచు మైదానం ఉన్న హాలుకి, కార్లో దింపే పని నాది. సచికో గారికి డ్రైవింగ్ రాదు. నాకేమో కొత్త లైసెన్సు, దాన్ని చూపించుకునే చోటు లేదు. అలా ఆ పిల్ల నాకు దగ్గరైంది. మా ఇంట్లో పెసరట్టు తిని "పద్మా ఆంటీ, ఇంకోటి" అని తెలుగులోనే అడిగేంత దగ్గర.

దానికి ఒకటే బెంగ. డబుల్ ఆక్సెల్ అని ఒక గెంతు ఉంది. ముందుకు దూకి గాలిలో రెండున్నర చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. ప్రాక్టీసులో మంచినీళ్ళు తాగినట్టు చేసేది. పోటీలో మాత్రం ఢామ్మని పడేది. అది కూడా ప్రతిసారీ అదే మూలలో. పడితే పడింది, లేచాక మిగతాదంతా మొహం బిగించుకుని చెక్కబొమ్మలా చేసేది. ఆ తర్వాత కార్లో ఇంటిదాకా ఒక్క మాట ఉండేది కాదు. నేను అద్దంలోంచి దాని మొహం చూసి, నాకూ ఏడుపొచ్చి, రెండుసార్లు దారి తప్పాను.

ఇంతలో జపాన్‌లో ఒక పెద్ద కోచ్, ఈ ఊరి పోటీలో హారుకా ఆడిన వీడియో పంపమన్నాడు. అది చూసి తన దగ్గర చేర్చుకునేదీ లేనిదీ చెబుతాడట. పిల్ల తిండి మానేసింది. ఆఖరికి పెసరట్టు కూడా.

ఈ సంగతి ఫోన్లో మా అమ్మకి చెప్పాను. "పడితే అదే చోట పడుతోందా? మరి అది దిష్టి కాక ఇంకేంటే? బొమ్మలా ఉంటుందంటివి, అంతమంది ముందు గిరగిరా తిరుగుతుందంటివి. కళ్ళు పడవూ? నేను పంపిన రాళ్ళ ఉప్పు ఉందిగా, తీసి పారెయ్" అంది.

"అమ్మా, వాళ్ళు జపాన్ వాళ్ళమ్మా."

"అయితే? దిష్టికి వీసా కావాలా?"

నేను చదువుకున్నదాన్ని కదా, నవ్వేశాను. నవ్వుతూనే ఉప్పూ మిరపకాయలూ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఉంటే నష్టమేముంది అని.

పోటీ రోజు వచ్చింది. హారుకా గులాబీరంగు డ్రెస్సులో, చెవుల్లో పాటలు పెట్టుకుని, కాగితంలా తెల్లబోయి బెంచీ మీద కూర్చుంది. అప్పుడు అటుగా హెర్ ఫోక్ట్, అంటే ఫోక్ట్ గారు, వచ్చాడు. ఆయన అక్కడి ఐస్‌మైస్టర్. బండి తోలుకుంటూ ఐస్‌ని అద్దంలా నున్నగా చేసే పెద్దమనిషి. కడిగిన గచ్చు మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే మా నాయనమ్మ ఎలా చూసేదో, తన ఐస్ మీద కాలు పెట్టినవాళ్ళని ఆయన అలా చూసేవాడు. ఆయన హారుకా ముందు ఆగి, మీసాల్లోంచి నవ్వి, గట్టిగా ఇలా అన్నాడు.

"హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్!"

నా రెండో మెట్టు జర్మన్ వెంటనే పనిలోకి దిగింది. హాల్స్ అంటే మెడ. శరీర భాగాల పాఠంలో నాకు పదికి పది వచ్చాయి. ఉంట్ అంటే మరియు. బైన్ అంటే కాలు. బ్రుఖ్ అంటే విరగడం. మొత్తం కలిపితే? మెడా కాలూ విరగ!

పోటీకి వెళ్ళబోయే ఆడపిల్లని పట్టుకుని అనే మాటలా అవి? ఆ పిచ్చిపిల్లేమో ఒక చెవిలోంచి పాట తీసి "డాంకే" అంది. శాపం పెట్టినవాడికి థాంక్స్ చెప్పిన పిల్లని మీరెక్కడైనా చూశారా? ఎంత పెంపకం! ఇక ఆలోచించేదేముంది? ప్రతిసారీ ఒకే చోట ఎందుకు పడుతోందో తెలిసిపోయింది. ఈ మీసాలాయన నోరే.

హ్యాండ్‌బ్యాగు తెరిచి కవరు తీశాను. పక్కనున్న సచికో గారికి నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను. "ఉప్పు. చెడ్డ కన్ను. పిల్ల చుట్టూ. పోతుంది."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మాకూ ఉప్పు! సూమో కుస్తీ! ముందు ఉప్పు చల్లుతారు. చెడు వెళ్ళిపోతుంది."

"ఎక్కడ చల్లుతారు?"

"బరిలో."

చూశారా, రెండు దేశాల పెద్దవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. నేను గుప్పెట బిగించి హారుకా చుట్టూ మూడుసార్లు తిప్పాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, జర్మనీ దిష్టి, జపాన్ దిష్టి, జడ్జీల దిష్టి, ఆ మీసాలాయన దిష్టి, థూ థూ థూ" అన్నాను. పాటలు వింటున్న హారుకా కళ్ళు తెరిచి చూసి, ఆంటీకి ఏదో అయిందనుకుని మళ్ళీ మూసుకుంది.

తీసింది ఎక్కడో అక్కడ పారెయ్యాలి కదా. నిప్పులో వేద్దామంటే నిప్పు లేదు. నాలుగు రోడ్ల కూడలికి పరిగెత్తుదామంటే టైము లేదు. ఎదురుగా హెర్ ఫోక్ట్ అప్పుడే నున్నగా చేసి వెళ్ళిన ఐస్ మెరిసిపోతోంది. హారుకా ఎప్పుడూ పడే మూల సరిగ్గా మా ముందే ఉంది.

"సచికో గారూ, బరిలో వేసేయనా?"

"హై, హై."

హై అంటే "అవును" అనే కాదట. "వింటున్నాను, చెప్పండి" అని కూడానట. మనం ఫోన్లో ఊఁ కొడతాం చూడండి, అచ్చం అదే. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నా గుప్పెట ఖాళీ.

కాసేపు ఏమీ కాలేదు. ఉప్పురాళ్ళు తెల్లటి ఐస్‌లో కలిసిపోయి బుద్ధిగా పడుకున్నాయి. మిరపకాయలు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. అటుపక్క నుంచి ఎవరో కేక వేశారు. "బ్లూట్! ఐస్ మీద బ్లూట్!"

రక్తం అన్నమాట. జడ్జీలు లేచి నిలబడ్డారు. ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు పెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. హెర్ ఫోక్ట్ ఐస్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, రక్తాన్ని తొడిమ పట్టుకుని పైకెత్తాడు. వాసన చూశాడు. హాలు దద్దరిల్లేలా తుమ్మాడు. తర్వాత ఒక తెల్లరాయిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఆయన మొహంలో రంగు పోయింది. ఉప్పురాయి ఉన్న ప్రతిచోటా ఐస్ కరిగి గుంట పడుతోంది. స్కేటు అంచు అందులో పడితే ఇంక చెప్పేదేముంది, ఆ శాపం నిజంగానే ఫలించేది.

మైకులో పోటీ ఆగిందని ప్రకటించారు. హెర్ ఫోక్ట్ లేచి నిలబడి హాలంతటినీ అడిగాడు. "ఐస్‌లో ఉప్పు వేసిందెవరు?"

కూరలో ఉప్పెక్కువైతే మా మామగారు ఇలాగే అడుగుతారు. అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను.

"ఇష్ హాబె గెజాల్ట్‌సెన్."

ఉప్పు వేసింది నేనే. జీవితంలో మొట్టమొదటిసారి ఒక జర్మన్ వాక్యం, అదీ భూతకాలంలో, ఒక్క తప్పు లేకుండా వచ్చింది. మెచ్చుకోవడానికి మా టీచరు అక్కడ లేకపోయింది.

"ఎందుకు?" అన్నాడాయన.

"మీరెందుకలా అన్నారు? పసిపిల్లని పట్టుకుని మెడా కాలూ విరగాలని అనొచ్చా? అందుకే వేశాను!"

మొదటి వరుసలో ఒక ముసలావిడ కిసుక్కుమంది. అక్కడ అంటుకుంది, వరుస వరుసా పాకి జడ్జీల దాకా వెళ్ళింది. హెర్ ఫోక్ట్ మాత్రం నవ్వలేదు. ఎవరో నా చెయ్యి పట్టుకుని లాగారు. చూస్తే హారుకా. చెవుల్లోవి తీసేసి, కడుపు పట్టుకుని, నేల మీద కూలబడి నవ్వుతోంది.

"ఆంటీ! అది ఆల్ ది బెస్ట్ ఆంటీ! ఇక్కడ అలాగే చెప్తారు!"

"మెడ విరగడం ఆల్ ది బెస్టా?"

"అవునాంటీ!"

"మరి నిజంగా తిట్టాలంటే ఏమంటారే?"

దానికి మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది. అప్పుడు హెర్ ఫోక్ట్ చాలా నెమ్మదిగా, చిన్నపిల్లని అడిగినట్టు అడిగాడు. "ఫ్రావ్ పద్మా, చలికాలంలో మీ ఇంటి ముందు మెట్ల మీద మంచు పడితే మీరేం చేస్తారు?"

"ఉప్పు చల్లుతాను" అన్నాను గర్వంగా. "మా బిల్డింగులో ఆ డ్యూటీ ఎప్పుడూ శుభ్రంగా చేసేది నేనే. ఉప్పు చల్లితే మంచు కర..."

ఆ వాక్యం నేను ఈ రోజు వరకూ పూర్తి చెయ్యలేదు.

శిక్షగా నాకు బకెట్ ఇచ్చారు. హెర్ ఫోక్ట్ ఉప్పు పట్టిన ఐస్‌ని ఉలితో చెక్కి తీస్తుంటే నేను ముక్కలు ఎత్తాను. ఆయన గుంటల్లో మంచు కూరి, నీళ్ళు పోసి గడ్డకట్టించాడు. చివరికి ఆ మూలలో పెద్ద ఇడ్లీ అంత పాలరంగు మచ్చ మిగిలింది. ఆయన దాన్ని తట్టి చూసి, నా వైపు చూసి, నిట్టూర్చాడు.

హారుకా వంతు వచ్చింది. సచికో గారు నా చెయ్యి నలిపేస్తున్నారు. పిల్ల ఆ మూలకి వస్తోంది. ఇప్పుడు పడితే అది దిష్టీ కాదు, శాపమూ కాదు, అచ్చంగా నేనే. ముందుకు దూకింది. గాలిలో రెండున్నర చుట్లు. ఇడ్లీ మచ్చ నడినెత్తిన, ఒంటికాలి మీద దిగింది. నిలబడింది! నేను ఎగిరి గంతేశాను, బకెట్‌తో సహా. బకెట్‌లో నీళ్ళు హెర్ ఫోక్ట్ బూట్లలోకి వెళ్ళాయి. హారుకా అది చూసింది. పక్కుమని నవ్వింది. నవ్వుతూ, అప్పుడే నడక నేర్చిన పిల్లలు కూడా పడని మామూలు మలుపు దగ్గర చతికిలబడింది. లేచింది, నవ్వుతూనే. మిగతా ఆటంతా ఎప్పుడూ లేనంత హుషారుగా ఆడేసింది.

వచ్చింది ఐదో స్థానం. ఇంటికెళ్ళేదాకా కారులో నోరు మూసిన మనిషి లేదు.

ఆ రాత్రి మా ఆయన అంతా విని, "పద్దూ, ఇంతకీ ఆ మిరపకాయలు వెనక్కి తెచ్చావా? మన దగ్గరున్నవి అవే" అన్నారు. సంసారం ఇలాంటిది.

కొన్నాళ్ళకు జపాన్ నుంచి కబురొచ్చింది. హారుకాని చేర్చుకుంటామన్నారు. ఆక్సెల్ చూసి కాదట. "ఆ గెంతు నేను నేర్పగలను. పడి, నవ్వుతూ లేవడం నేర్పలేను. అది ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుంది?" అని కోచ్ అడిగాడట. సచికో గారు ఆ మాట నాకు చెబుతూ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. మా అమ్మ మాత్రం, "చూశావా, ఉప్పు మహిమ" అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు హారుకా జపాన్‌లో పెద్ద పోటీల్లో ఆడుతోంది. ప్రతి పోటీకి ముందు వీడియో కాల్ చేస్తుంది. నేను ఉప్పు, మిరపకాయలు పట్టుకుని ఫోన్ చుట్టూ తిప్పుతాను. అంతటితో వదలదు. "ఆంటీ, రెండోది కూడా చెప్పాలి" అంటుంది. చెంపలు వేసుకుని, ఇంట్లో ఎవరూ వినకుండా చెబుతాను. "మెడా కాలూ విరగ, నా బంగారు తల్లీ!"

ఇక్కడి ఐస్‌హాల్లే తలుపు మీద ఇప్పటికీ ఒక బోర్డు ఉంది. కుక్కలు, సిగరెట్లు, ఉప్పు లోపలికి తేరాదు. కుక్కల గురించీ సిగరెట్ల గురించీ జర్మన్‌లో మాత్రమే ఉంది. ఉప్పు గురించి మాత్రం తెలుగులో కూడా ఉంది. హెర్ ఫోక్ట్ నాచేతే రాయించాడు. ఈ ఊళ్ళో తెలుగు చదవగలిగేవాళ్ళం మా ఆయనా నేనూ ఇద్దరమే. మా ఆయన ఐస్‌హాల్లేకి రారు.

కాబట్టి పాఠకుల సమక్షంలో, మా అమ్మ వినడం లేదని ఖాయం చేసుకుని, కుడిచెయ్యి ముందుకు చాచి, గుప్పెట పూర్తిగా తెరిచి ప్రమాణం చేస్తున్నాను. ఐస్ ఉన్నచోట ఉప్పు ముట్టను గాక ముట్టను. చివరికి మజ్జిగలో ఐస్ ముక్క వేసుకున్నా సరే, ఉప్పు మా ఆయనే కలపాలి.