దసరా నాడు నిద్రపోయిన పెట్టె

ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజుల్లో మనిషికి ఫోను మోగితే భయం, మోగకపోతే అంతకన్నా భయం. ఆ రోజుల్లో నేను బర్మాలో, యాంగోన్‌లో వైఫై వాణ్ణి. రేవు పక్క బోటాటౌంగ్ గోదాముల్లో తనతో పనిచేసే వాళ్లందరికీ మా నాన్న నన్ను ఇంజనీరని చెప్పుకున్నాడు గానీ, నేను చేసేది నిచ్చెన ఎక్కడం, దిగడం. మా కంపెనీ (ఒక యజమాని, ఒక గుమాస్తా, రెండు నిచ్చెనలు, నేను) టీ కొట్లలోనూ, ఆడపిల్లల హాస్టళ్లలోనూ, ఫ్యాక్టరీల్లోనూ హాట్‌స్పాట్లు బిగించి, వాటికి కూపన్లు అమ్మేది. కూపన్ మీదున్న నంబరు కొడితే నెట్టు వస్తుంది. రాకపోతే నేను వస్తాను. నెట్టుకన్నా నేనే ఎక్కువసార్లు వచ్చానని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్లూ అదే అనేవారు.

ఈ కూపన్ల నంబర్లన్నీ సరిచూసి, ఇతన్ని లోపలికి రానివ్వు, అతన్ని ఆపు అని ఊళ్లో ఉన్న హాట్‌స్పాట్లన్నిటికీ చెప్పే తెల్లటి పెట్టె ఒకటుండేది. మెయిన్ పెట్టె అనేవాళ్లం. అది ఉండాల్సింది ఆఫీసులో. కానీ మా ఆఫీసు వీధిలో కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. పజుండౌంగ్‌లో మా ఇంటికి మాత్రం, పక్క వీధిలో ఆసుపత్రి ఉన్న పుణ్యాన, కరెంటు పోవడం తక్కువ. అందుకని మా యజమాని (అందరూ సాయా అనే పిలిచేవారు, బర్మావాళ్లు పెద్దవాళ్లను గౌరవంగా పిలిచే మాట అది) ఆ పెట్టెను మా ఇంట్లో, దేవుడి అలమార పక్కనున్న బల్ల మీద పెట్టించాడు. కంపెనీ గుండెకాయ మన ఇంట్లో ఉందని మా నాన్న ఆ సంగతీ గోదాముల్లో చెప్పేశాడు.

ఆ రోజు పొద్దున్న నేను పంటికింద పెసరట్టుతో, కంటిముందు ఫోనుతో ఉండగా మా అమ్మ ఏదో చెప్పింది. ఊఁ అన్నాను. ఏం చెప్పిందో మధ్యాహ్నానికి గాని తెలియలేదు. నా బుర్రనిండా లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీయే. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. ఆ మధ్యాహ్నం పరదేశంలో ఉన్న కొనుగోలుదారు వీడియోలో కుట్టు వరసలన్నీ తిరిగి చూస్తాడట. రేకుల షెడ్డు లోపల మొబైలు సిగ్నల్ చచ్చినా అందదు కాబట్టి అంతా మా హాట్‌స్పాట్ మీదే ఆధారం. సాయా ముందురోజే నన్ను పిలిచి, టీ తాగించి మరీ చెప్పాడు. "ఆ కాల్ సవ్యంగా సాగిందా, నువ్వు పర్మనెంటు. తెగిందా, ఇక రానక్కర్లేదు." టీ తాగించి చెప్పిన మాట కాబట్టి అది నిజమేనని నాకు అర్థమైంది.

ఇంకా బస్టాపుకైనా చేరకముందే ఫ్యాక్టరీ నుంచి ఫోను. చేసింది అక్కడి మేనేజరమ్మ. మణికట్టు మీది గడియారం చూసుకోకుండా ఒక్క వాక్యం కూడా పూర్తిచేసేది కాదు గనుక నేను మనసులో ఆవిడకు డా గడియారం అని పేరు పెట్టుకున్నాను (డా అంటే ఇక్కడ గారు, అమ్మగారు లాంటిది). "లైన్ మకౌంబూ" అంది. లైను బాగాలేదని. యాంగోన్‌లో ఈ మాట నమస్కారం లాంటిది, ఎవరూ ఉలిక్కిపడరు. నేను మాత్రం ఉలిక్కిపడి, ఎక్కడెక్కడ ఏవి పనిచేస్తున్నాయో ఎరుపు, పచ్చ చుక్కలతో చూపించే పటాన్ని ఫోనులో తెరవబోయాను. తెరుచుకోలేదు. నా ఫోన్లోనూ లైన్ మకౌంబూ కాబోలనుకున్నాను. ఆ పటం ఉండేది కూడా మెయిన్ పెట్టెలోనేనన్న సంగతి నాకు తెలియనిది కాదు. కానీ భయపడ్డ మనిషికి తెలిసినవి గుర్తురావు, కాళ్లు మాత్రం చురుగ్గా పనిచేస్తాయి. నా కాళ్లు ఊరికి పడమటి కొసకు పోయే బస్సెక్కేశాయి.

వాన వెలిసీ వెలియని రోజు. బస్సు వంతెన మీద ఆగింది, ఆగి ఆలోచించుకుంది, మళ్లీ ఆగింది. నేను ఫ్యాక్టరీకి చేరేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. స్తంభం మీది హాట్‌స్పాట్‌లో ఎర్ర దీపం కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. మా విద్యలో మొదటి మంత్రం ఆపి మళ్లీ వెయ్యడం. అది ఫలించకపోతే రెండో మంత్రం, ఇంకోసారి ఆపి ఇంకాసేపు ఆగి వెయ్యడం. రెండూ జపించాను. వైరు మార్చాను. నిచ్చెనెక్కి యాంటెన్నాను అటు తిప్పాను, ఇటు తిప్పాను, మొదట ఎటుందో మరిచిపోయి తోచినట్టు వదిలేశాను. ఫోన్లలో వైఫై గీతలు నిండుగా కనబడుతున్నాయి. నంబరు కొడితే మాత్రం గిర్రున తిరగడమే. కుట్టుమిషన్ల ముందు కూర్చున్న అమ్మాయిలు నన్ను జాలిగా చూస్తుంటే, ఏదో గొప్ప లెక్క వేస్తున్నట్టు పైకప్పు వంక చూశాను.

"ఏమైంది?" అంది డా గడియారం, గడియారం చూసుకుంటూ.

"దగ్గరికొచ్చేశాను" అన్నాను. దేని దగ్గరికో నాకే తెలియదు.

గాలి కోసం షెడ్డు బయటికి వచ్చేసరికి బోటాటౌంగ్ టీ కొట్టతను ఫోను చేశాడు, ఉదయం నుంచీ నెట్టు లేదని. వెంటనే హాస్టలు వార్డెను. ఒకటి ఆగితే ఆ ఒక్కదాని జబ్బు. అన్నీ ఒక్కసారి ఆగితే జబ్బు ఎక్కడో పసిపిల్లాడైనా చెప్పగలడు. ఇంతదూరం వచ్చి నిచ్చెనెక్కాక ఆ ఇంజనీరుకు తెలిసింది, జబ్బు తను పొద్దున్న పెసరట్టు తిన్న గదిలోనే ఉందని.

సిగ్నల్ ఇంకా బాగా అందే గేటు దగ్గరికి పరిగెత్తి ఇంటికి ఫోను చేశాను. అమ్మ గుడికి వెళ్లినట్టుంది, తియ్యలేదు. ఇంట్లో ఉండే బొత్తాల ఫోనుకు చేశాను. మా మామ్మ తీసింది. నాన్నను కన్న తల్లి. పజుండౌంగ్ బజార్లో చాలా ఏళ్లు బజ్జీలు వేసి అమ్మిన మనిషి.

"మామ్మా, నేను."

"నువ్వని తెల్సులే. ఈ ఫోనికి ఇంకెవులు సేత్తారు. తిన్నావేటి?"

"తిన్నాను. దేవుడి అలమార పక్కన తెల్ల పెట్టె ఉంది కదా, దాని దీపాలు ఎలుగుతున్నాయో లేదో చూడు."

"ఎలగవు."

"చూడకుండా చెప్తావేటి?"

"సూడ్డానికేటున్నాది? నానే కదా ఆపినాను."

"ఎందుకాపేవు మామ్మా?"

"ఎందుకేటి, ఇయాల దసరా కాదేటి? మీయమ్మ పొద్దున్నే సెప్పింది కదా, ఊఁ అన్నావు. దసరా నాడు పనిముట్టు పని సేత్తాదా? పసుపు రాసి, బొట్టెట్టి, పీట మీద తొంగోబెట్టినాను. పూజయ్యే దాకా దాన్ని ముట్టుకోకూడదు."

"దసరా కత్తులకీ సుత్తులకీ గాని వైఫైకేటి మామ్మా?"

"ఈ ఇంటికి కూడెట్టింది ఏదైతే అదే పనిముట్టు."

బతిమాలాను. భయపెట్టాను. అది ఆగితే నా ఉద్యోగం పోతుందన్నాను. "ఒక్క పూట ఆగితే పోయీ ఉద్దోగం అదేటుద్దోగం రా" అంది. దేవుడి పాటలు కూడా ఆ పెట్టెలోంచే వస్తాయన్నాను. "దేవుడికి నీ పెట్టెతో పనేటి" అంది. ఎట్టకేలకు ఒక మెట్టు దిగింది. నైవేద్యం పెట్టి, హారతిచ్చి, ఉద్వాసన చెప్పేస్తే లేపొచ్చునట. నైవేద్యం పులిహోర. అన్నం ఇంకా పొయ్యి మీద ఉంది.

"ఎంతసేపు పడతాది మామ్మా?"

"ఉడికినంతసేపు."

వెనక్కి తిరిగితే గొడుగు వేసుకుని డా గడియారం. "లోపం దొరికిందా?" అంది. వేడెక్కిందనో, పిడుగు పడిందనో ఒక అబద్ధం చెప్పేసి ఉండొచ్చు. నోరు తెరిస్తే నిజమే వచ్చేసింది. "మా మామ్మ ఆపేసింది. ఈ రోజు మాకు పనిముట్ల పండుగ. వాటికి విశ్రాంతి" అన్నాను బర్మీసులో. నా పర్మనెంటు ఉద్యోగం గేటుదాటి వెళ్లిపోతున్నట్టే అనిపించింది నాకు. అప్పుడావిడ చెయ్యి చాచి, మామ్మ ఇంకా లైనులోనే ఉన్న ఫోను అడిగింది.

"అఫ్వా" అని మొదలుపెట్టింది. బామ్మా అని. మా మామ్మ బర్మీసు నా బర్మీసుకన్నా చాలా నయం. అవతలి మాటలు నాకు వినబడలేదు, ఇవతలివి మాత్రం ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "అవునఫ్వా, మేమూ కొత్త మిషను వస్తే కొబ్బరికాయా అరటిపళ్లూ పెట్టి దండం పెట్టుకుంటాం... లేదు లేదు, పడుకున్నదాన్ని లేపడం తప్పే... పూలు పెట్టారా? ఏం పూలు?... అన్నం మెతుకు పట్టి చూశారా?" ఉద్యోగం కొండెక్కుతున్నవాడికి ఇలాంటి కబుర్లు వినడం ఎంత నరకమో, పగవాడికి కూడా వద్దు. చివరికి ఫోను చేతిలో పెట్టి, ఏ ఆసుపత్రి డాక్టరో చెప్పినట్టు చెప్పింది. "అన్నం అయింది. పళ్లెంలో ఆరబోసింది. చల్లారాలట."

అదే సమయానికి సాయా ఫోను. "లోపం దొరికిందా?"

"దొరికింది సాయా. చల్లారుతోంది."

"వేడెక్కిందన్నమాట. ఫ్యాను పెట్టించు."

"విసురుతున్నారు సాయా" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మేమిద్దరం షెడ్డులోకి వెళ్లి స్తంభం కింద నిలబడ్డాం. వీడియో వేళ దగ్గర పడుతోంది. ఆవిడ గడియారం చూసుకోవడం మానేసి దీపాన్ని చూడటం మొదలుపెట్టింది, అది నన్ను ఇంకా భయపెట్టింది. ఇప్పుడు పోపు వేస్తూ ఉంటుంది. ఇప్పుడు కలుపుతూ ఉంటుంది. ఉప్పు చూడదు, నైవేద్యం కదా, ఆ కాస్త సమయం కలిసొస్తుంది. ఇప్పుడు కొబ్బరికాయ. కాయ కుళ్లిపోయి ఇంకోటి తెస్తానంటే? నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, తెలియని బర్మా దేవతలకు కూడా.

ఎర్ర దీపం ఆరింది. తర్వాత దీపం మిణుకు మిణుకుమని, కాసేపు ఆలోచించి, పచ్చగా నిలబడింది. అమ్మాయిల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. కొనుగోలుదారు వీడియోలోకి వచ్చాడు, డా గడియారం ట్యాబ్లెట్ పట్టుకుని వరసలన్నీ తిప్పి చూపించింది, కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. వెళ్లేటప్పుడు ఆవిడ "అఫ్వాకు నా దండాలు చెప్పు" అంది. సాయా ఫోను చేసి, ఫ్యాను ఆలోచన తనదేనని గుర్తుచేసి, నన్ను పర్మనెంటు చేశాడు.

తిరుగు బస్సులో సంతోషం కాస్సేపే ఉంది. తర్వాత కోపం వచ్చింది. మామ్మకు చెప్పాల్సిన మాటలన్నీ ఒక ఉపన్యాసంలా కూర్చుకున్నాను. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. పెట్టె ఇంకా పీట మీదే ఉంది. యాంటెన్నాలన్నిటికీ పసుపు, కుంకుమ. పక్కనే నేను పుట్టకముందే పోయిన మా తాత ఇనప కొక్కెం, రేవులో ఓడల్లోంచి బియ్యం బస్తాలు లాగినది. ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. మామ్మ తను తినకుండా నాకోసం కూర్చుందని, రెండు కంచాలు బోర్లించి ఉన్నాయని అప్పుడు చూశాను.

"మీ తాత ఏడాదంతా దీన్ని బుజం మీంచి దించీవోడు కాదు" అంది కొక్కెం వంక చూస్తూ. "దసరా నాడొక్కనాడే పీట మీద ఎట్టీవోడు. ఆ ఒక్కనాడే ఇంటికాడ కూకుని నాతో తినీవోడు."

నేను బోర్లించిన కంచాలు తిప్పి పెట్టాను.

"అది తొంగుంటే నువ్వూ ఇంటికాడ ఉంటావనుకున్నాన్రా. నువ్వేటో ఇంకా దూరం లగెత్తేవు."

ఆ రాత్రి తిన్న తిండి రుచి నాకు తెలియదు. బాగుందని మాత్రం చెప్పాను.

ఇప్పుడు మెయిన్ పెట్టె మా ఇంట్లో లేదు. అది చేసే పని ఎక్కడో పరదేశపు యంత్రాల్లో జరుగుతోంది, వాటికి ఎవరైనా బొట్టు పెడతారో లేదో తెలియదు. మామ్మ కూడా లేదు. మొన్నటి దసరాకు నేను పట్టుబట్టి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అమ్మ కొక్కేన్ని పీట మీద పెట్టింది. ఫోనులో పటం తెరిచి చూస్తే ఊరంతా పచ్చ చుక్కలే. ఎవరూ ఏదీ ఆపలేదు, ఎవరికీ నాతో పని లేదు. నాకు ఏడుపొచ్చింది. సరే, ఆపేవాళ్లు లేకపోతే నేనే ఆపుకోవాలని, ఫోను ఆపి, బొట్టు పెట్టి, కొక్కెం పక్కన పడుకోబెట్టాను. అమ్మ వడ్డిస్తానని అటు తిరిగిందో లేదో, ఈ పర్మనెంటు ఉద్యోగి చెయ్యి మెల్లగా పీట వైపు పాకింది. ఫోను వెలిగించి పటం తెరిచి చూస్తే తెర మీద కుంకుమ, దాని వెనక ఊరంతా ఎర్రగా కనిపించింది. ఒక్క క్షణం లేచి చెప్పులు వెతుక్కున్నాను.