బంతి వేసేవాడే నేరస్థుడు

అపరాధ పరిశోధన నవలలంటే నాకు అసహ్యం. చదవకుండా పెంచుకున్న అసహ్యం కాదు. కడపలో అధికారులూ వకీళ్లూ సాయంత్రాలు కాలక్షేపం చేసే ఒక క్లబ్బులో నేను ఏడేళ్లు గుమాస్తాగా పనిచేశాను. టెన్నిసు వలలు కట్టించడం, క్రికెట్టు సామాను చూసుకోవడం, పుస్తకాల బీరువా తాళంచెవి దగ్గర పెట్టుకోవడం నా పనులు. ఆ బీరువాలో లా పుస్తకాలను చెదలు తినేవి. ఇంగ్లీషు డిటెక్టివు నవలలు మాత్రం చేతులు మారి మారి అట్టలూడిపోయేవి. మధ్యాహ్నాలు పనిలేక అవన్నీ నేనూ చదివాను.

వాటిలో హత్యకంటే ఆట ముఖ్యం. శవం దొరికితే గోల్ఫు మైదానంలో ఇసుక గుంటలోనే దొరకాలి. మా వైపు మాదిరి కందిచేలోనో పాడుబావిలోనో దొరికితే చచ్చిన దొరకు మర్యాద తక్కువ కాబోలు. హంతకుడిది ఎడమచేతి వాటమని టెన్నిసు బ్యాటు పిడి అరిగిన తీరు చూసి చెబుతారు. పడవ పందేల్లో తెడ్డు వేసినవాడి భుజాలు చూడగానే డిటెక్టివు వాడి జాతకమంతా వల్లిస్తాడు. ఇక క్రికెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలేజీ జట్టులో ఆడినవాడు నెత్తుటి కత్తి పట్టుకుని ఎదురైనా నిర్దోషే. పేకాటలో ముక్క దాచినవాణ్ణి మాత్రం రెండో అధ్యాయంలోనే ఉరితీయవచ్చు. బ్యాటు పట్టడం రానివాడికి ఆ పుస్తకాల్లో నీతే ఉండదు. ఆ లెక్కన మా నాయన, మా తాత, మా ఊరు ఊరంతా దొంగలే.

వాటిని చూసి మనవాళ్లు తెలుగులో అచ్చువేసినవి ఇంకా ఘోరం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మన తెలుగు డిటెక్టివు కూడా పొద్దున్నే టెన్నిసు ఆడి, చెమట తుడుచుకుంటూ దొంగను పట్టేస్తాడు. ఎంత వెతికినా చెడుగుడు ఆడే డిటెక్టివు ఒక్కడూ నాకు కనపడలేదు. గుండు ఎత్తి పందెం గెలిచినవాడి నడుము చూసి కేసు తేల్చినవాడూ లేడు. మన ఆటలు ఆడేవాళ్లకు హత్య చేసే తెలివి కూడా లేదని ఆ రచయితల నమ్మకం.

ఈ చెత్తకు మా క్లబ్బులో అందరికంటే పెద్ద భక్తుడు డిప్యూటీ కలెక్టరు. రాయచోటి దగ్గర ఒక పల్లెలో పుట్టి, మద్రాసులో చదివి, సంగటి ముద్ద పేరు మరిచిపోయిన మనిషి. క్లబ్బు జట్టుకు ఆయనే కెప్టెను. ఊళ్లో ఆయనే మేజిస్ట్రేటు కూడా. ఏ ఉద్యోగం ఎక్కడ ముగుస్తుందో, ఏది ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియదు.

జట్టులో నిజంగా ఆట వచ్చినవాడు ఒక్కడే. పక్క పల్లె క్రైస్తవుడు, మిషను బడిలో బంతి వేయడం నేర్చాడు. క్లబ్బులో అతని ఉద్యోగం మైదానం మీద రోలరు లాగడం. మ్యాచి రోజున తెల్లబట్టలిచ్చి బంతి వేయించేవాళ్లు. వికెట్టు పడితే చప్పట్లు కొట్టేవాళ్లు. భోజనాల వేళకు మాత్రం అతను దూరంగా వేపచెట్టు కింద తన మూట విప్పుకోవాలి. ఒకనాడు దాహానికి ఆగలేక క్లబ్బు కుండలో చెంబు ముంచాడు. మా అధ్యక్షుడు, పేరున్న పెద్ద వకీలు, ఆ కుండను పగలగొట్టించి అతన్ని అందరి ముందూ నానా తిట్లూ తిట్టాడు.

అది జరిగిన వారానికి, ఆదివారం పొద్దున, ఆ వకీలు క్లబ్బు వసారాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి ఆయన నొసటికి తగిలింది. గాయం చిన్నది, ఆయన అరుపులు పెద్దవి.

డిప్యూటీగారు ఆ వారం నా దగ్గర తీసుకుపోయిన నవలలో, ఒక దొర ఎక్కడో దూరంనుంచి విసిరిన క్రికెట్టు బంతి తగిలి చస్తాడు. అంత గురి ఉన్న చెయ్యి ఆ ఊళ్లో ఒక్కడిదేనని డిటెక్టివు తేలుస్తాడు. ఇంకేముంది, పూనకం వచ్చినట్టు లేచాడు మా కెప్టెను. టేపు తెమ్మన్నాడు. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. వసారా నుంచి ప్రహరీగోడ దాకా తొంభై గజాలు.

"ఇంత దూరం, ఇంత వేగం! ఫాస్టు బౌలరు భుజం ఉంటే తప్ప సాధ్యం కాదు. ఈ ఊళ్లో ఆ భుజం ఎవడిది? పైగా కుండ గొడవ ఉంది. మోటివు!" అన్నాడు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి రోలరు లాగుతున్న మనిషిని లాక్కుపోయారు. అధికారుల క్లబ్బు మీద రాయి వేసినవాడికి జైలు తప్పదని ఊళ్లో అందరికీ తెలుసు. ఇంట్లో భార్య, ఇద్దరు పసిబిడ్డలు. అతని రెక్కలు తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు.

ఆ ప్రహరీగోడకు అవతల ఉన్నది జొన్నచేను. పాలకంకి మీద ఉంది. చేను మధ్య మంచె, మంచె మీద తెల్లవారినప్పటినుంచి పిట్టలను తోలుతూ ఒక ముసలామె. మా సీమలో కంకి పాలు పోసుకుంటే చాలు, ఆడా మగా, ముసలీ ముతకా అందరి చేతిలోనూ వడిసెలే. తాడు నడుమ రాయి పెట్టి తల చుట్టూ గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే, ఆ రాయి పోయే దూరానికి ఏ బౌలరూ సాటిరాడు. దారి తప్పిన రాళ్లు మా మైదానంలో పడుతూనే ఉండేవి. సోమవారం సోమవారం వాటిని ఏరించి పారేయించేది నేనే. డిప్యూటీగారు చిన్నతనంలో మంచె ఎక్కి వడిసెల తిప్పి ఉండకపోతే నా చెవి కోసిస్తాను. నాలుగు నవలలు చదివేసరికి ఆయనకు రాయి అంటే బంతే గుర్తుకొచ్చింది, కన్నతల్లి పొలం గుర్తుకు రాలేదు.

మరి నాకు? నాకు గుర్తుంది. టేపు కొస పట్టుకుని గోడ పక్కన నిలబడ్డప్పుడు, గోడ మీదుగా మంచె నా కళ్లకు కనిపిస్తూనే ఉంది. కెప్టెను మాటకు అడ్డం చెబితే నా గుమాస్తాగిరీ ఊడుతుందని నోరు మూసుకున్నాను. ఆ నవలలను తిట్టే యోగ్యత నాకు ఎంతుందో మీరే చెప్పండి.

మూడో రోజు సాయంత్రం అందరూ టెన్నిసు ఆడుతుండగా ఆ ముసలామె వడిసెల భుజాన వేసుకుని నేరుగా మైదానంలోకి వచ్చింది. రోలరు మనిషిని పట్టుకుపోయిన సంగతి అతని భార్య పోయి చెబితే తెలిసిందట.

"సామీ, ఆ రాయి నేను ఇసిరింది. గోరింకలు కంకులన్నీ రాలగొడతాంటే ఇసిరినా. చెయ్యి జారె. ఆ పిల్లోన్ని యాడ పెట్టినారో ఇడ్సిపెట్టండి."

డిప్యూటీగారు నవ్వాడు. "అవ్వా, వాణ్ణి కాపాడాలని చెప్తున్నావు. అంత దూరం వెయ్యడం నీవల్ల కాదు."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఏమప్పా, నువ్వు ఈ సీమలో పుట్టలేదా?" అంది. వంగి ఒక రాయి తీసుకుంది. మైదానం ఆ కొసన పరుగుల లెక్క రాసే రేకు పలక ఉంది. వడిసెల మూడుసార్లు తిరిగింది. రేకు ఖంగుమంది. బ్యాట్లు పట్టుకున్న పెద్దమనుషులందరూ నోళ్లు తెరిచారు.

"కానీ ఈమె ఎప్పుడూ ఏ ఆటా ఆడలేదే!" అన్నాడు డిప్యూటీ కలెక్టరు. ఒట్టు, ఆయన అన్న మాట అదే.

ముసలిదాని వడిసెల దెబ్బకు నొసలు పగిలిందంటే కోర్టులో పరువు పోతుందని వకీలు కేసు వద్దన్నాడు. రోలరు మనిషిని వదిలేశారు. క్షమించమని ఎవరూ అడగలేదు. "ఆదివారం కర్నూలు వాళ్లతో మ్యాచి ఉంది, పెందరాళే రమ్మను," అని మాత్రం డిప్యూటీగారు నాతో కబురంపాడు.

మర్నాడు పొద్దున్నే అతను వచ్చాడు, బంతి వేయడానికి కాదు. ఉతికి మడతపెట్టిన తెల్లబట్టలు నా బల్లమీద పెట్టాడు. ఒక చెంప ఇంకా వాచి ఉంది. నెమ్మదిగా అడిగాడు.

"గోడవతల మంచె ఉండాదని నీకు తెల్సు కదప్పా?"

"ఆ గందరగోళంలో నాకు తోచలేదప్పా," అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. "నిజమేలే. అంతంత పెద్దోళ్లు మీద మీదికొస్తాంటే ఎవురికైనా యాడ తోస్తుంది? నువ్వు మనసులో పెట్టుకోగాకు," అన్నాడు. పోతూ పోతూ నా భుజం తట్టాడు.

నేను చెప్పింది నమ్మాడు. మూడు రోజులు ఠాణాలో దెబ్బలు తిని వచ్చినవాడు, నన్ను ఓదార్చి పోయాడు.