‘తోడు’ గడిలో కొట్టేసిన పేరు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలంలో, హనుమకొండలోని మా ట్రావెల్ ఆఫీసు నాకొక ఓడ ప్రయాణం అప్పగించింది. వరంగల్‌లోని వినికిడి లోపం ఉన్నవాళ్ల సంఘం నుంచి పద్నాలుగు మంది. చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి సముద్రం మీద మూడు రోజులు. టూర్ మేనేజర్‌గా అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం. కాశీ నుంచి దుబాయ్ దాకా ఎందరినో తిప్పి తెచ్చాను. ఒక్కరినీ తప్పిపోనివ్వలేదని కొంచెం గర్వం కూడా ఉండేది.

మా బుకింగ్ ఫారంలో ‘తోడు’ అని ఒక గడి ఉండేది. ముసలివాళ్లకు, ఆరోగ్యం బాగాలేనివాళ్లకు వెంట వచ్చే మనిషి పేరు అందులో రాస్తాం. కొత్తవాడలో జంపఖానాలు నేసే రాజేశం, ఆయన భార్య లక్ష్మి, కూతురు స్వప్నను వెంటబెట్టుకుని ఫారం నింపడానికి వచ్చారు. భార్యాభర్తలిద్దరికీ పుట్టుకతోనే వినపడదు, సైగలతో మాట్లాడుకుంటారు. కూతురికి వినపడుతుంది. నేను రాజేశం ముఖం కూడా చూడకుండా వివరాలన్నీ స్వప్ననే అడిగాను. తోడు గడిలో ఆమె పేరే రాసేశాను. రాజేశం నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేశాడు. తర్వాత కూతురి వైపు తిరిగి చేతులు చకచకా ఆడించాడు.

“నాకు ఆమె తోడు, ఆమెకు నేను తోడు, నడుమ మూడో మనిషెందుకు అంటాండు సార్,” అంది స్వప్న. “నాకు ఆరేండ్లప్పటి సంది దవాఖానకు పోయినా, బ్యాంకుకు పోయినా నేనే ఎంబడి పోయి మాట్లాడిన. ఒక్కసారన్న ఇద్దరే పోయి రావాలని వాళ్లకు ఆశ.”

మిగిలిన గదులన్నిటిలో వినపడే బంధువు ఒకరైనా ఉన్నారు. వీళ్లిద్దరి గది ఒక్కటే మిగిలింది. ఓడ కంపెనీకి రాస్తే ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఓడ కదిలే ముందు భద్రతా డ్రిల్ జరుగుతుంది. సైరన్ ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా కూస్తుంది. గది తలుపు వెనక అంటించిన పటం చూసుకుని ప్రయాణికులంతా తమకు కేటాయించిన చోటికి చేరాలి. అక్కడ సిబ్బంది పేర్లు చూసి హాజరు వేసుకుంటారు. వినపడనివాళ్ల కోసం గదిలో ఒక పరికరం పెడతారు. సైరన్ మోగితే దీపం వెలిగి ఆరుతుంటుంది, దిండు కింద ఒక బిళ్ల అదురుతుంది. రాజేశం, లక్ష్మి ఎవరి సాయమూ లేకుండా ఆ చోటికి చేరాలన్నదే షరతు. చేరలేకపోతే ఇద్దరినీ విడదీసి, వినపడేవాళ్లున్న వేర్వేరు గదుల్లో ఉంచుతారు. అది ఇష్టం లేకపోతే చెన్నైలోనే దిగిపోవాలి.

వరంగల్ స్టేషన్లో, సాగనంపడానికి వచ్చిన స్వప్న నాతో అంది: “జర ఎనుకెనుక తిరగకున్రి సార్. నాయినకు ఒళ్లు మండుతది.” తల ఊపాను. ఊపడానికేం పోయింది?

గుంపులో అందరి కాగితాలూ మేనేజర్ సంచిలో ఉండాలన్నది మా వృత్తిలో పాత అలవాటు. ఓడ ఎక్కగానే రిసెప్షన్‌లో నచ్చజెప్పి రాజేశం గదికి రెండో తాళం కార్డు తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

నాలుగింటికి సైరన్ మోగింది. నేను వెళ్లవలసింది హాజరు వేసే చోటికి. వెళ్లింది రాజేశం గదికి. వెళ్లి తలుపు కొట్టాను. పలకలేదని ఇంకా గట్టిగా కొట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఆ సామెతలో తెలివితక్కువవాడు శంఖం ఊదేవాడేనని నాకప్పుడు తట్టలేదు. చివరికి కార్డు పెట్టి తలుపు తీశాను. దీపం వెలిగి ఆరుతోంది, దిండు అదురుతోంది, మనుషులు లేరు. భోజనశాల, పై డెక్కు, లిఫ్టుల దగ్గర అంతా వెతికాను. దారిలో ఇద్దరు సిబ్బంది ఆపితే, నా వాళ్లు తప్పిపోయారని చెప్పి తోసుకుంటూ పోయాను.

ఇక చేసేది లేక హాజరు చోటికి వెళ్లేసరికి రాజేశం, లక్ష్మి ముందు వరసలో కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు వచ్చింది వాళ్లేనట. జాబితాలో టిక్కు పడని పేరు నాదొక్కటే. నేను వచ్చేదాకా డ్రిల్ ముగించడానికి వీల్లేక అంతమందీ ఎదురు చూశారు. భద్రతా అధికారి నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. వాళ్లు గదిలో నాకు దొరికి, నేను వెంటబెట్టుకుని వచ్చి ఉంటే, ‘సాయంతో వచ్చారు’ అని రాయవలసి వచ్చేదట. రాస్తే షరతు ప్రకారం ఇద్దరినీ విడదీసేవారు.

రాజేశం ఫోన్ తీసి కూతురికి వీడియో కాల్ చేశాడు, సైగలు చేసి ఫోన్ నా వైపు తిప్పాడు. “మీరేడికి పోయిన్రు సార్ అని అడుగుతాండు,” అంది స్వప్న. “అందరొచ్చిన్రు, మేనేజర్ సారే తప్పిపోయిండని అమ్మ ఫికర్ పడ్డదట.” దారి ఎలా తెలిసిందని అడిగాను. “ఓడ ఎక్కంగనే గదికాడి నుంచి ఆడిదాక తలుపులు లెక్కపెట్టుకుంట మూడుసార్లు నడిచిన్రట. మగ్గం మీద పోగులు లెక్కపెట్టేటోనికి తలుపులొక లెక్కనా సార్?”

ఆ మూడు రోజుల్లో స్వప్న మాటసాయం కావలసి వచ్చింది ఆ ఒక్కసారే. అదీ నాకు.

రెండో తాళం కార్డు అక్కడే రాజేశం చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి భార్యకు ఇచ్చాడు. తిరిగి వచ్చాక ఆఫీసులో ఒప్పించి ఫారంలో ‘తోడు’ గడి తీసేయించాను. దాని స్థానంలో ‘మీకు సమాచారం ఏ విధంగా అందాలి?’ అన్న ప్రశ్న పెట్టించాను. సమాచారం సరిగా అందించి పక్కకు తప్పుకోవడం కూడా మేనేజర్ పనేనని, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత తెలుసుకున్నాను. యాత్ర నివేదికలో ‘డ్రిల్‌కు సమయానికి రానివారు’ అన్న చోట ఒకరు అని రాసి, ఎదురుగా నా పేరు రాశాను.