వదిన అడిగిన దారి

ఆ వీధిలో అందరూ అతన్ని అద్దాలాయన అనేవారు. కిటికీ పగిలినా, అలమరకు అద్దం కావాలన్నా అతని కొట్టుకే రావాలి. అద్దం మీద కట్టరుతో గీత ఒక్కసారే గీయాలి. తడబడి మళ్ళీ గీశామా, ఎటు పడితే అటు విరుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఒక్క గీతతో సంసారం నెట్టుకొచ్చిన చెయ్యి, ఈమధ్య పొద్దున్నే గుక్కెడు మందు పడితే తప్ప నిలవడం మానేసింది. సాయంత్రాల సరదా పొద్దుటి అవసరంగా ఎప్పుడు మారిందో అతనికే తెలియదు.

ఒకరోజు చుక్క ముట్టకుండా పని చేద్దామని పంతం పట్టాడు. సెలూను వాళ్ళ నిలువుటద్దం బల్ల మీదే ముక్కలైంది. ఒళ్ళంతా చెమటలు, వణుకు. భయపడి ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరు తిట్టలేదు. "ఇలా ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. నేను చెప్పినట్టు చెయ్యండి" అని మందులు రాసిచ్చాడు. బయటికొస్తుంటే నర్సమ్మ పక్కకు పిలిచింది.

"మాత్రలు ఒంటి సంగతి చూసుకుంటాయి. మనసుకు తోడు ఉండొద్దూ? శనివారం సాయంత్రం పాత బస్టాండు వెనక వీధిలో, తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు కలుస్తారు. మేడ మీద గది. బోర్డు ఉండదు, ఎవర్నైనా అడగండి."

అడగడమే! అక్కడే వచ్చింది తంటా. మొదటి శనివారం ఆ వీధిలో గానుగెద్దులా తిరిగి తిరిగి ఇల్లు చేరాడు. రెండో వారం ధైర్యం కూడగట్టుకుని చెప్పుల షాపతన్ని, "ఇక్కడ మేడ మీద... అదే... నేర్పుతారట..." అని నసిగాడు. అతను ఎదురు మేడ చూపించాడు. తీరా ఎక్కితే అది కంప్యూటరు క్లాసు. కాదని చెప్పడానికి నోరు రాక, ఫీజు వివరాలన్నీ బుద్ధిగా విని వచ్చాడు.

మూడో శనివారం గేటు దగ్గర వదిన పట్టుకుంది. పై వాటాలో ఉండే ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. గొంతు విప్పితే బస్సు వెనక సీటులో నిద్రపోయేవాడు కూడా లేచి చిల్లర తీస్తాడు.

"ఇంత నున్నగా తల దువ్వుకుని ఎక్కడికి మరిదీ?"

దాచలేకపోయాడు. నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశాడు. "మీ చెల్లెలికి మాత్రం చెప్పకు వదినా. మానేస్తానన్న మాట తను నా నోట చాలాసార్లు వింది."

చెల్లెలంటే అతని భార్యే, ఆవిడకు తోడికోడలు. వదిన యూనిఫాం కూడా మార్చుకోలేదు. "ఇంత మంచి పనికి దొంగలా వెళ్తావేంటయ్యా? పద!"

వీధి మొదట్లోనే మందుల షాపు ముందు ఆగింది. అతను చెయ్యి పట్టి లాగుతున్నా వినలేదు. "బాబూ! తాగుడు మానేవాళ్ళ మీటింగు ఎక్కడయ్యా? మా మరిది మానేస్తాడట!"

వీధి వీధంతా తిరిగి చూసింది. నేల చీలితే అందులో దూరిపోదామనుకున్నాడు అద్దాలాయన. కానీ ఒక్కరూ నవ్వలేదు. షాపతను కౌంటరు దాటి బయటికొచ్చాడు. "ఆ ఇస్త్రీ కొట్టు పక్క మెట్లమ్మా!" ఇస్త్రీ చేసే ఆయన పెట్టె పక్కన పెట్టి, "మా బావ అక్కడే మానాడు. తొందరగా వెళ్ళండి, మొదలెట్టేస్తారు" అని చెయ్యి ఊపాడు. ఎవరో సైకిలు జరిపి దారిచ్చారు.

ఇన్నాళ్ళూ తను ఒక్కడే రహస్యంగా వెతుక్కున్న గది వీధిలో అందరికీ తెలుసు! వదిన వెనక పరుగులాంటి నడక నడిచాడు. మెట్ల మధ్యలో మాత్రం గోడ పట్టుకుని ఆగిపోయాడు.

"లోపలికి జరగాలి, లోపలికి! మెట్ల మీద నిలబడకూడదు!" అంది కండక్టరమ్మ.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, టీ ఫ్లాస్కు. పెద్దమనిషిలా ఉన్న పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. "ఇంటివాళ్ళు పక్కగదిలో కూర్చుంటారమ్మా" అని వదినను అటు పంపాడు. "మీరేం మాట్లాడక్కర్లేదు, ఊరికే వినండి" అన్నాడు అద్దాలాయనతో.

విన్నాడు. ఒక లారీ డ్రైవరు లేచి, సీసా ఎక్కడెక్కడ దాచేవాడో చెప్పాడు. స్టెప్నీ టైరులో, కూతురి పాత స్కూలు బ్యాగులో. "చివరికి నేనే మర్చిపోయి, లారీ అంతా వెతుక్కునేవాణ్ణి!" గదంతా గొల్లున నవ్వింది.

"నేను పుట్టీ డబ్బాలో!" అన్నారెవరో గట్టిగా. ఆ గొంతు తనదేనని అద్దాలాయనకు ఒక్క క్షణం తర్వాతగానీ తెలియలేదు. అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. "అద్దాలకు పెట్టే పుట్టీ ఉంటుందే, ఆ డబ్బా అడుగున! మా ఆవిడ దాని వాసన గిట్టక ముట్టుకోదని..." మళ్ళీ నవ్వులు. తనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. "మానాలనుంది" అన్నాడు. పక్కనున్న ముసలావిడ అతని భుజం తట్టింది.

కిందికి దిగేటప్పుడు వదిన గొంతే వినిపించలేదు. "ఏమైంది వదినా?"

"నోరు విప్పడానికి సందిస్తేగా! ఆ పక్కగదిలో నన్ను మించిన గొంతులున్నాయి" అని కళ్ళు తుడుచుకుంది.

దారంతా ఆగకుండా మాట్లాడాడు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే భార్యకు మొదలుపెట్టాడు: పోస్ట్‌మ్యాన్, లారీ డ్రైవరు, స్టెప్నీ టైరు. పుట్టీ డబ్బా దగ్గరికొచ్చేసరికి ఆవిడ బట్టలు మడత పెట్టడం ఆపింది.

"ఇప్పుడుందా అందులో?"

"ఉంది."

ఇద్దరూ కొట్టు తెరిచి ఆ సీసా మురిక్కాలవలో ఒంపేశారు.

అంతటితో కథ సుఖాంతమైపోలేదు. వానాకాలంలో ఒకసారి పట్టు జారి మళ్ళీ తాగాడు. ఆ శనివారం మొహం చెల్లక ఇంట్లో కూర్చుంటే, "లే" అంది భార్య. ఆవిడ అప్పటికే చీర మార్చుకుని, గొడుగు తీసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.