దీపాలు పెట్టే వేళకి

మొన్న విజయనగరంలో బాస్కెట్‌బాల్ కోర్టు చుట్టూ స్తంభాల మీద దీపాలు ఒక్కసారిగా వెలిగేసరికి చేతిసంచీ భుజాన వేసుకుని లేచి నిలబడిపోయాను. పక్కన కూర్చున్న మా అక్క అల్లుడు, రాజాంలో ధాన్యం వ్యాపారం చేసేవాడు, ఫోనులోంచి తలెత్తి "ఎక్కడికత్తా? ఇంకా ఆటే మొదలవ్వనేదు" అన్నాడు. నిజమే. మధ్యాహ్నం కురిసిన వానకి కోర్టు తడిస్తే ఇంకా తుడుస్తూనే ఉన్నారు. అతని కూతురు, అంటే మా అక్క మనవరాలు, కాలేజీ జట్టులో ఆడుతోంది. ఫైనల్. డిగ్రీ ఆఖరి ఏడాది కాబట్టి కాలేజీ తరఫున దానికిదే ఆఖరి ఆట. అవతల విశాఖ జట్టు. ఆ కప్పు విశాఖ వెళ్ళడమే గాని మా వైపు ఆడపిల్లల చేతికి ఎన్నడూ రాలేదు. ఒక్కసారి రావలసింది. ఆ రోజు కోర్టులో నేనున్నాను. అందుకే ఈ వయసులో కూడా, ఆటస్థలంలో ఉండగా దీపాలు వెలిగితే నా కాళ్ళు రైల్వే స్టేషను వైపు లాగుతాయి.

మా రోజుల్లో కోర్టంటే ఎర్రమట్టి నేల, సున్నం గీతలు, రెండు కొయ్య స్తంభాలు. శ్రీకాకుళంలో మా కాలేజీ కోర్టుకి ఒక రింగు కొంచెం వంగి ఉండేది. ఆ వంపుకి ఎంత అలవాటుపడ్డామంటే, వేరే ఊళ్ళో తిన్నగా ఉన్న రింగు చూస్తే మాకు గురి తప్పేది. జెర్సీలు పొందూరు ఖద్దరువి. మా వీధిలో నేతపని వాళ్ళిచ్చిన ముతక గుడ్డతో మా అమ్మే చొక్కాలు కుట్టి, పాత చీరల అంచులు కత్తిరించి నంబర్లు అతికించింది. నా వీపు మీది ఏడో నంబరుది జరీ అంచు. చెమట పట్టిందా, ఆ చొక్కా తడిసిన బొంతంత బరువెక్కేది. ఇప్పటి పిల్లలవి ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి, పైగా వీపు మీద పేర్లు. మా పేర్లు కోర్టులో అరిస్తే గోడ మీద కూర్చున్న మగపిల్లలకి తెలిసిపోతాయని మా మాస్టారు మమ్మల్ని ఊళ్ళ పేర్లతో పిలిచేవారు. నేను పొందూరు. మా కెప్టెన్ ఆమదాలవలస. "ఆమదాలవలసా, పొందూరుకియ్యి! పొందూరూ, ఆగకు!" అని ఆయన కేకలేస్తుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టే ఉండేది.

మాస్టారంటే మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ గారు. అసలు కబడ్డీ మనిషి. బాస్కెట్‌బాల్ ఎప్పుడైనా ఆడారో లేదో మాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి చేతులు చేతులు పట్టుకుని గొలుసులా చుట్టేస్తారు కదా, మాకు ఆయన నేర్పిన రక్షణ అదే. మొదటి మ్యాచ్‌లో మేము నిజంగానే చేతులు పట్టుకుని రింగు కింద నిలబడ్డాం. రిఫరీ ఈల ఊది ఊది అలిసిపోయాడు. మాస్టారు మమ్మల్ని పక్కకి పిలిచి, "సేతులు పట్టుకోకండమ్మా. పట్టుకున్నట్టు మనసులో అనుకోండి. ఒకలు కదిల్తే అందరూ కదలాల" అన్నారు. అంతే, ఆ తర్వాత మా గొలుసు దాటి లోపలికి రావడం ఎవరికీ సులువు కాలేదు. దాన్నే ఇప్పుడు జోన్ డిఫెన్సంటారని, దానికి ఇంగ్లీషులో పుస్తకాలున్నాయని నాకు ముసలితనంలో తెలిసింది.

ఆట నేర్పడం కంటే ఆడపిల్లల్ని ఇంట్లోంచి కదిలించడం ఆయనకి పెద్ద పని. ఇంటింటికీ సైకిలు మీద వెళ్ళేవారు. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్న ఆయన్ని మా నాన్న, "ఆడపిల్ల బంతెగరేస్తే ఏటొస్తాది మాస్టారూ?" అని అడిగాడు. "ఆకలొస్తాది బాబూ" అన్నారాయన. మా నాన్నకి నవ్వొచ్చింది గాని బెట్టు సడలించలేదు. పైఊరు వెళ్ళినా పొద్దుగూకేసరికి పిల్ల ఇంట్లో ఉండాలన్నాడు. మాస్టారు గ్లాసు కింద పెట్టి, "దీపాలెట్టీ వేళకి మీ పిల్ల మీ గుమ్మంలో ఉంటాది. నేదంటే మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అన్నారు. జట్టులో అందరి తండ్రులకీ ఇదే మాట ఇచ్చారు.

మేము ఫైనల్‌కి చేరిన ఏడాది ఆట కూడా విజయనగరంలోనే. ముఖ్య అతిథిగా రావలసిన పెద్దమనిషి భోంచేసి, కాస్త కునుకు తీసి, తీరిగ్గా వచ్చాడు. వచ్చాక ఆడపిల్లలు ఆటలాడాలని ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసం వల్లే ఆడపిల్లల ఆట ఆలస్యమైంది. ఆట మొదలయ్యాక మాత్రం మేము ఆగలేదు. గొలుసు బిగిసింది, రింగు తిన్నగా ఉన్నా బంతులు పడుతున్నాయి. రెండో సగంలో నాలుగు పాయింట్లు ముందున్నాం. ఎండ పచ్చబడుతోంది. మాస్టారు గడియారం చూసుకున్నారు, స్కోరు బల్ల దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పారు, మమ్మల్ని పిలిచారు. టైమౌట్ అనుకుని పరిగెత్తాం. "సంచులు తీయండమ్మా. బండికి వేళైపోతంది" అన్నారు. ఆమదాలవలస ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన మా ముఖాలు చూడలేదు. బంతి చేత్తో పట్టుకుని విశాఖ పిల్లలు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. కప్పు వాళ్ళకిచ్చేశారు.

పాసింజరు బండిలో ఆయన మా కోసం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొన్నారు. ఎవరూ ముట్టలేదు. మా అమ్మ సందెదీపానికి అగ్గిపుల్ల గీస్తుండగా నేను గుమ్మంలో ఉన్నాను. "నెగ్గినారా?" అని అడిగాడు నాన్న. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెనకే నిలబడ్డ మాస్టారు, "నెగ్గుతుండగా వచ్చేసినాం బాబూ" అన్నారు. ఎందుకొచ్చేశారని నాన్న అడిగితే, "మాటిచ్చినాను కదా" అన్నారు. మరుసటి ఏడాదికి నా చదువైపోయింది. కానీ మాస్టారికి ఇంటింటికీ తిరిగే పని తప్పింది. మా నాన్నే తోటి తండ్రులకి, "ఆయన మాటంటే మాటే. పంపండి. కూసింత సీకటడినా పర్లేదు" అని చెప్పేవాడు. ఆ కూసింత చీకటి నా తర్వాతి పిల్లలకి దక్కింది. నాకు దక్కలేదు. ఆయన చేసినది ఎంత పెద్ద పనో తెలుసు, తెలిసీ ఆయన మీద చాలా ఏళ్ళు అలిగాను.

ఇప్పుడు మా మనవరాలి జట్టు కోచ్ మేడమ్‌ది రాజాం పక్క పల్లె. ఆవిడ చేతిలో ట్యాబు. ఎవరు ఎటునుంచి వేస్తే బంతి పడుతుందో, ఎవరికి ఏ మోకాలు నొప్పో అన్నీ అందులో ఉంటాయి. మాస్టారు మాకు చోడంబలి, అదే రాగంబలి, తాగండి చాలనేవారు, ఈవిడ గుడ్లు, పప్పులు కొలిచి తినిపిస్తుంది. అవన్నీ నాకు వింత కాదు. వింతేమిటంటే, ఈవిడ పిల్లల్ని అడుగుతుంది. "ఒలే, నీకేటనిపిస్తంది, సెప్పు" అంటుంది. పిల్లలు ఎదురు చెబుతారు, ఆవిడ వింటుంది. ఆ రోజు మాస్టారు మమ్మల్ని ఉందామా, వెళ్దామా అని అడిగి ఉంటే ఏమనేవాళ్ళమోనని కూర్చుని ఆలోచిస్తుండగానే ఆట మొదలైంది.

పూర్తిగా చీకటి పడింది. ఆఖరి క్వార్టరుకి మా పిల్లలు నాలుగు పాయింట్లు ముందున్నారు. అదే నాలుగు. సరిగ్గా అప్పుడే మా అక్క అల్లుడి ఫోను మోగింది. ఇంటి నుంచి. ఇక లేవమంటాడని సంచీ దగ్గరికి లాక్కున్నాను. అతను కోర్టు మీంచి చూపు తిప్పకుండా, "ఆలీసమవుద్ది. అన్నం మూతెట్టీ. ఆట అవ్వకుండా ఎలగొచ్చేస్తాం?" అని పెట్టేశాడు. ఒక తండ్రి నోట ఆ మాట వినడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. సంచీ బెంచీ కిందకి తోసేశాను.

విశాఖ పిల్లలు దూరం నుంచి ఒక మూడు పాయింట్ల బంతి వేసి తేడా ఒక్కటికి దించారు. బంతి మళ్ళీ వాళ్ళ చేతికే వచ్చింది. మేడమ్ టైమౌట్ తీసుకుని ట్యాబు మీద గీతలు గీసింది, తర్వాత దాన్ని పక్కనపెట్టి పిల్లల ముఖాలు చూసింది. మా మనవరాలు ఏదో చెప్పింది. "గొలుసు కట్టేద్దాం మేడమ్" అందట. ఎండాకాలం సెలవుల్లో మా పెరట్లో నేను నేర్పినది. కోర్టులోకి వచ్చి అయిదుగురూ రింగు కింద పరుచుకున్నారు. ఒకరు కదిలితే అందరూ కదిలారు. లేని చేతులు పట్టుకున్న సంగతి ఆ జనంలో నాకొక్కదానికే కనిపించింది. విశాఖ పిల్లలకి దారి దొరకలేదు. ఆఖరికి దూరం నుంచే విసిరారు. బంతి రింగుకి తగిలి ఎగిరింది, మా మనవరాలు దాన్ని గాల్లోనే అందుకుని గుండెకి హత్తుకుంది. ఆట అయిపోయినట్టు హారన్ మోగింది.

ఆ మోత నేనెప్పుడూ వినలేదు. ఫైనల్ అయిపోతే ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఇదీ, ఇలా ఉంటుంది. మా అక్క అల్లుడు బెంచీ ఎక్కి గెంతుతున్నాడు, ధాన్యం బస్తాలాంటి మనిషి. మనవరాలు కప్పు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఏటమ్మమ్మా, నెగ్గితే ఏడుస్తన్నావు?" అంది. దాని వెనకే వచ్చిన మేడమ్, "ఆ గొలుసు నేర్పిన మాస్టారు మీరేనాండీ?" అని అడిగింది.

"మాస్టారు వేరే ఉన్నారమ్మా. నేను పొందూరుని" అన్నాను.

ఆవిడకేమీ అర్థం కాలేదు, అయినా నవ్వి నన్ను ఫొటోలోకి లాక్కుంది. పిల్లల మధ్య కప్పు పట్టుకుని నిలబడి, మాస్టారి మీద మిగిలిన అలక కూడా అక్కడే వదిలేశాను. ఆ రోజు మా బండి వేళకే వచ్చింది. గెలుపే ఇన్నేళ్ళు ఆలస్యంగా నడిచింది. నడిస్తే నడిచింది గాని, దీపాలన్నీ వెలుగుతుండగా వచ్చింది.